ఉన్నత స్థాయి స్పానిష్: సాహిత్యం, కళ, సంస్కృతి మీదుగా

ఏ భాషలోనైనా వ్యాకరణం పట్టుబడ్డాక ఒక వింత దశ వస్తుంది. క్రియారూపాలు నోటికి వచ్చి ఉంటాయి, బజారులో బేరమాడడం చేతనవుతుంది, పత్రిక చదివితే వార్త బోధపడుతుంది. అయినా ఇద్దరు మాట్లాడుకుంటుంటే వాళ్ల మధ్య ఉన్నది చనువో, మర్యాదో, వెటకారమో తేలదు. నలుగురూ నవ్విన చోట ఎందుకు నవ్వారో అంతుపట్టదు. స్పానిష్ నేర్చుకునేవారికి ఈ వెలితి మరీ పెద్దది. దాదాపు 50 కోట్ల మందికి మాతృభాష అయిన స్పానిష్‌లో 20 స్వతంత్ర దేశాల ప్రభుత్వ వ్యవహారాలు ప్రధానంగా నడుస్తాయి. ప్యూర్టోరికో దీనికి అదనం. స్పెయిన్, మెక్సికో, కొలంబియా, అర్జెంటీనా, ఆఫ్రికాలోని ఈక్వటోరియల్ గినీ – ఒక్కొక్కటి ఈ భాషను ఒక్కో తీరున మలుచుకుంది.

ఆ వెలితిని పూడ్చడానికి కథలు, నవలలు, నాటకాలు, చిత్రపటాలు, సినిమాలు, పాటలనే పాఠాలుగా తీసుకునే పద్ధతికి స్పానిష్ బోధనలో సుదీర్ఘ చరిత్ర ఉంది. ఈ పద్ధతిలో సాహిత్యం భాష నేర్చుకున్నాక దక్కే బహుమతి కాదు. ఎవరు, ఎక్కడి నుంచి, ఎవరితో, ఏ హోదాలో మాట్లాడుతున్నారో చెవికి అలవాటు చేసే సాధనం.

స్థాయిలు, లక్ష్యాలు

కౌన్సిల్ ఆఫ్ యూరప్ 2001లో ప్రచురించిన భాషా ప్రమాణాలు విదేశీ భాషా నైపుణ్యాన్ని ఏ1 నుంచి సీ2 దాకా ఆరు మెట్లుగా విడగొట్టాయి. బీ2 దాటాక వచ్చేదే ఉన్నత దశ. సీ1 చేరిన వ్యక్తి నిడివైన, కష్టమైన రచనలు చదివి, పైకి చెప్పకుండా సూచించిన భావాన్ని కూడా గుర్తించగలగాలి. సీ2 వ్యక్తి అర్థంలోని సన్నని తేడాలను తానే పలికించగలగాలి.

స్పానిష్ భాషా వ్యాప్తి కోసం స్పెయిన్ ప్రభుత్వం 1991లో ఇన్‌స్టిట్యూతో సెర్వాంతెస్ సంస్థను స్థాపించింది. ఆ సంస్థ పాఠ్యప్రణాళిక 1994లో మొదటిసారి వచ్చింది. 2006–07లో దాన్ని మూడు సంపుటాలుగా తిరగరాశారు. అందులో వ్యాకరణం, ఉచ్చారణలతో పాటు సాంస్కృతిక విషయాలకు విడిగా జాబితాలున్నాయి. చరిత్ర, సాహిత్యం, కళలు ఒక జాబితా. భోజన వేళలు, అతిథి మర్యాదలు, కుటుంబ సంబంధాల వంటి సామాజిక అలవాట్లు మరో జాబితా. పరాయి సంస్కృతితో మెలిగే నేర్పు మూడో జాబితా.

ఈ దశలో వ్యాకరణం లేదని కాదు, అది పని చేసే చోటు మారుతుంది. సబ్జంక్టివ్ అనే క్రియారూపాన్నే తీసుకుందాం. 'పటాలున్న పుస్తకం కోసం వెతుకుతున్నాను' అన్న వాక్యంలో 'ఉన్న' అనే క్రియను మామూలు రూపంలో చెబితే, ఆ పుస్తకం ఫలానాదని వెతికే మనిషికి తెలుసు. సబ్జంక్టివ్‌లో చెబితే అటువంటి పుస్తకం ఏదైనా సరే, అసలు అది ఉందో లేదో కూడా తెలియదు. సూత్రం ఒక పూటలో అర్థమవుతుంది. నమ్మకం, సందేహం, ఆశ ఎక్కడ విడిపోతాయో కథలో పాత్రల నోట పదే పదే వింటేనే అది వాడుకలోకి వస్తుంది.

పాఠాలుగా పుస్తకాలు: కొంత చరిత్ర

పదహారు, పదిహేడు శతాబ్దాల్లో స్పానిష్ నేర్చుకున్న యూరోపియన్లకు భాషకూ సాహిత్యానికీ మధ్య గోడ లేదు. ఫ్రాన్స్ రాజు నాలుగో హెన్రీ దగ్గర దుబాసీగా పనిచేసిన సెజార్ ఉదాఁ 1597లో ఫ్రెంచివారి కోసం స్పానిష్ వ్యాకరణం రాశాడు. మిగెల్ దె సెర్వాంతెస్ నవల 'దోన్ కిహోతె' మొదటి భాగాన్ని 1614లో ఫ్రెంచిలోకి తెచ్చింది కూడా ఆయనే.

1713లో ఏర్పడిన స్పానిష్ రాయల్ అకాడమీ తన మొదటి నిఘంటువును 1726 నుంచి 1739 వరకు ఆరు సంపుటాలుగా వెలువరించింది. ప్రతి మాట వాడుకకు రచయితల వాక్యాలనే ప్రమాణంగా చూపించడంతో అది 'ప్రమాణాల నిఘంటువు'గా స్థిరపడింది. సెర్వాంతెస్, కెవేదో వంటి కవులూ వచన రచయితలూ మంచి భాషకు సాక్షులయ్యారు.

ఇరవయ్యో శతాబ్దంలో విదేశీయుల కోసం ప్రత్యేక కోర్సులు పుట్టాయి. స్పెయిన్ ప్రభుత్వ పరిశోధన మండలి 1912లో మాద్రిద్‌లో విదేశీయులకు సెలవుల కోర్సు మొదలుపెట్టింది. అమెరికాలోని మిడిల్‌బరీ కళాశాల స్పానిష్ పాఠశాల 1917లో ప్రారంభమైంది. కోర్సు జరిగినన్నాళ్లూ స్పానిష్ తప్ప మరో భాష మాట్లాడబోమని ప్రతిజ్ఞ చేయించడం ఆ కళాశాల ప్రత్యేకత. స్పెయిన్ బళ్లలో ఒక రచనను వాక్యం వాక్యం విప్పి చూసే వ్యాఖ్యాన పద్ధతి స్థిరపడింది. ఫెర్నాందో లాసారో కర్రెతెర్, ఎవరిస్తో కొర్రెయా కల్దెరోన్ కలిసి 1957లో రాసిన చేతిపుస్తకం దానికి ఆధారం.

తర్వాత గాలి మారింది. 1970ల నుంచి భాషా బోధనలో సంభాషణకు పెద్దపీట వేశారు. దుకాణం, హోటలు, ఇంటర్వ్యూ పాఠ్యాంశాలయ్యాయి, సాహిత్యం పక్కకు జరిగింది. అది మళ్లీ తరగతిలోకి వచ్చినప్పుడు పాత వ్యాఖ్యాన పద్ధతి ఒక్కటే రాలేదు. కథను వేరే పాత్ర కోణంలో తిరగరాయడం, సన్నివేశాన్ని నటించడం, చిత్రాన్ని వర్ణించడం వంటి అభ్యాసాలు వెంట వచ్చాయి.

చిన్న కథలు

ఉన్నత తరగతుల్లో తొలి మెట్టు సాధారణంగా చిన్న కథే. మరీ చిన్న కథల్లో పేరుపొందింది గ్వాటెమాలా రచయిత అగుస్తో మొంతెర్రోసో 1959లో ప్రచురించిన 'డైనోసార్'. స్పానిష్‌లో అది మొత్తం ఏడు మాటలు. ఎవరో నిద్ర లేస్తారు, డైనోసార్ ఇంకా అక్కడే ఉంటుంది, అంతే కథ. నిద్ర లేవడం ఒక్క క్షణంలో ముగిసిన పని కనుక ఆ క్రియ ఒక రకం భూతకాలంలో ఉంది. డైనోసార్ ఉండడం అప్పటికే సాగుతున్న స్థితి కనుక అది మరో రకం భూతకాలంలో ఉంది. లేచింది ఆమెనా, అతనా, మరో జంతువా అన్నది స్పానిష్ క్రియ చెప్పదు, కర్త పేరు వాక్యంలో లేదు. విదేశీ విద్యార్థిని ఏళ్ల తరబడి వేధించే రెండు భూతకాలాల తేడా ఏడు మాటల్లో కళ్లముందు నిలుస్తుంది.

మెక్సికో రచయిత హువాన్ రుల్ఫో ప్రసిద్ధి ముఖ్యంగా రెండు సన్నటి పుస్తకాల మీద నిలిచింది. అవి 1953 నాటి కథాసంపుటి 'ఎల్ యానో ఎన్ యామాస్', 1955 నాటి నవల 'పెద్రో పారామో'. కథాసంపుటిలోని ఒక కథలో ముసలి తండ్రి, గాయపడిన కొడుకును వీపున వేసుకుని వెన్నెల్లో నడుస్తుంటాడు. వైద్యుడున్న తొనాయా ఊరు చేరాలి. బరువుకు తల తిప్పలేడు. ఊరి కుక్కల అరుపు వినబడుతోందా అని పైనున్న కొడుకునే పదే పదే అడుగుతాడు.

ఈ కథలో పాఠకుడు చెవి ఒగ్గాల్సింది తండ్రి పిలుపుకు. మొదట కొడుకుతో 'తూ' అనే చనువు రూపంలో మాట్లాడతాడు. కొడుకు దొంగతనాలు, హత్యలు గుర్తుకొచ్చి కోపం పొంగేసరికి 'ఉస్తెద్' అనే గౌరవ రూపానికి మారిపోతాడు. ఇది గౌరవం కాదు, వెలి. నీకోసం కాదు, చనిపోయిన మీ అమ్మ కోసం మోస్తున్నానని చెప్పే ఘట్టమంతా ఆ పరాయి పిలుపులోనే నడుస్తుంది. చివరికొచ్చేసరికి మళ్లీ చనువు రూపం తిరిగొస్తుంది. కథకుడు ఎక్కడా 'తండ్రికి కోపం వచ్చింది' అని రాయడు. సర్వనామాల పట్టిక బట్టీ పట్టిన విద్యార్థికి ఆ కథ ఒక ప్రయాణం. పిలుపు మారిన చోటు పట్టుకున్న విద్యార్థికి అది తెగిపోయిన బంధం.

భాష కాస్త తేలికగా ఉండాలనుకునేవారు కొలంబియా రచయిత గాబ్రియెల్ గార్సియా మార్క్వెజ్ పాత్రికేయ రచనలతో మొదలుపెట్టవచ్చు. సముద్రంలో పది రోజులు తెప్ప మీద బతికిన నావికుడి కథను ఆయన 1955లో బొగోతా పత్రిక 'ఎల్ ఎస్పెక్తదోర్'లో ధారావాహికగా రాశాడు. 1970లో అది పుస్తకమైంది. నావికుడే చెబుతున్నట్టు సాగే ఆ కథనంలో వాక్యాలు పొట్టివి, సంఘటనలు వరుసగా నడుస్తాయి. దాని తర్వాత 1967 నాటి 'వందేళ్ల ఏకాంతం' పట్టుకుంటే తేడా తెలుస్తుంది. ఆ నవల మొదటి వాక్యమే భవిష్యత్తులోని ఒక క్షణం నుంచి బాల్యాన్ని వెనక్కి తిరిగి చూస్తుంది. ఒక్క వాక్యంలో మూడు కాలాలు మెలిపడి ఉంటాయి.

నవల, నాటకం

1605, 1615లలో రెండు భాగాలుగా వచ్చిన 'దోన్ కిహోతె' చదవకుండా స్పానిష్ పూర్తయిందనుకోరు. చదవబోతే నాలుగు వందల ఏళ్ల నాటి మాటలు అడ్డం పడతాయి. స్పెయిన్ పాఠకులకే అది భారం కావడంతో రచయిత ఆంద్రేస్ త్రపియెయో నవల మొత్తాన్ని నేటి స్పానిష్‌లోకి మార్చి 2015లో ప్రచురించాడు. తరగతుల్లో సాధారణంగా గాలిమరల యుద్ధం వంటి ఎంపిక చేసిన అధ్యాయాలే చదువుతారు. పుస్తకాల మాటలతో అలంకరించి మాట్లాడే యజమాని, సామెత మీద సామెత గుప్పించే సేవకుడు సాంచో పాంసా పక్కపక్కన నడవడమే ఆ నవలలోని భాషా పాఠం. ఒకే దేశంలో, ఒకే దారిలో రెండు స్పానిష్‌లు వినబడతాయి. మాద్రిద్‌లోని సిర్కులో దె బెయాస్ ఆర్తెస్ సంస్థలో 1997 నుంచి ఏటా ఏప్రిల్‌లో ఈ నవలను ఒకరి తర్వాత ఒకరు ఆగకుండా బిగ్గరగా చదివే కార్యక్రమం జరుగుతోంది.

ఇంట్లో మాట్లాడే స్పానిష్ కావాలంటే మిగెల్ దెలీబెస్ 1966 నవల 'సింకో ఓరాస్ కోన్ మారియో' ఉంది. భర్త మారియో శవం పక్కన రాత్రి కూర్చున్న కార్మెన్ అతనితోనే మాట్లాడుతూ పోతుంది. కొననివ్వని కారు, వేళ్లూనుకున్న అసూయలు, ఇరుగుపొరుగు కబుర్లు, తన తండ్రి గొప్పతనం – ఒకదానిలోంచి ఒకటి పుట్టుకొస్తాయి. చెప్పిందే చెప్పడం, మధ్యలో ఆపేయడం, ఊతపదాలు, దెప్పిపొడుపులు అన్నీ వ్యాకరణ పుస్తకాలు వదిలేసేవే. నియంత ఫ్రాంకో కాలపు మధ్యతరగతి స్త్రీ ఎలా ఆలోచించేదో ఆ మాటతీరే చెబుతుంది. ఈ నవల 1979లో రంగస్థలం ఎక్కినప్పుడు నటి లోలా ఎర్రేరా ఒక్కతే ఆ మాటలన్నీ మోసింది.

ఫెదెరికో గార్సియా లోర్కా చివరి నాటకం 'బెర్నార్దా ఆల్బా ఇల్లు'లో వేదిక మీద కనిపించేది స్త్రీలే. 1936 జూన్‌లో రాయడం ముగించిన రెండు నెలలకు స్పెయిన్ అంతర్యుద్ధం తొలి వారాల్లో లోర్కాను చంపేశారు. 1945లో బ్యూనస్ ఐరిస్‌లో మార్గరీతా షిర్గు బృందం దాన్ని మొదటిసారి ప్రదర్శించింది. కూతుళ్లు తల్లిని 'ఉస్తెద్' అంటారు. ముప్పై ఏళ్లుగా ఆ ఇంట్లో ఉన్న పనిమనిషి పోన్సియా మాత్రం బెర్నార్దాను చనువుగా పిలుస్తుంది. కన్నపిల్లలకు లేని చనువు పనిమనిషికి ఎలా వచ్చిందన్న ప్రశ్నతో ఒక తరగతి గంట గడిచిపోతుంది.

అర్జెంటీనా రచయిత హూలియో కొర్తాసర్ 1963 నవల 'రయువేలా'కు 155 అధ్యాయాలు. వరుసగా చదవడం ఒక దారి, రచయిత ఇచ్చిన పట్టిక ప్రకారం 73వ అధ్యాయంతో మొదలుపెట్టి గెంతుతూ పోవడం మరో దారి. అందులోని 68వ అధ్యాయం ఇద్దరు ప్రేమికుల ఏకాంతాన్ని కల్పిత పదాలతో చెబుతుంది. నామవాచకాలు, క్రియలు చాలావరకు ఏ నిఘంటువులోనూ దొరకవు. ప్రత్యయాలు, వాక్యనిర్మాణం మాత్రం అచ్చమైన స్పానిష్. అది అర్థమైతే భాష ఎముకల గూడు పట్టుబడినట్టే.

దేశానికో గొంతు

ఏ స్పానిష్ నేర్చుకోవాలన్నది ప్రతి విద్యార్థికీ ఎదురయ్యే ప్రశ్న. స్పెయిన్‌లో స్నేహితుల గుంపును 'వోసోత్రోస్' అంటారు, లాటిన్ అమెరికా అంతటా 'ఉస్తేదెస్' అంటారు. అర్జెంటీనా, ఉరుగ్వే, పరాగ్వే, మధ్య అమెరికాలో చాలా చోట్ల 'తూ' స్థానంలో 'వోస్' ఉంటుంది, దానికి తగ్గట్టు క్రియ కూడా మారుతుంది. ఈ 'వోస్' నేర్చుకోవడానికి చాలామంది పట్టుకునేది కీనో గీసిన కామిక్ 'మఫాల్దా'. 1964 నుంచి 1973 దాకా వచ్చిన ఆ బొమ్మల కథల్లో సూప్ అంటే మండిపడే చిన్నారి పాప ప్రపంచ శాంతి గురించి తల్లిదండ్రులను నిలదీస్తుంది. బ్యూనస్ ఐరిస్ పిల్లల మాట, ఆ నాటి రాజకీయం నాలుగు గడుల్లో ఇమిడి ఉంటాయి.

ఈ తేడాలు ఎంత సున్నితమైనవో 2019 జనవరిలో తేలింది. అల్ఫోన్సో క్వారోన్ తీసిన మెక్సికన్ సినిమా 'రోమా'కు నెట్‌ఫ్లిక్స్ స్పెయిన్ ప్రేక్షకుల కోసం స్పెయిన్ స్పానిష్‌లో సబ్‌టైటిల్స్ వేసింది. పాత్రలు 'మమా' అంటే కింద 'మాద్రె' అని పడింది. 'గన్సీతో' అనే మెక్సికో చాక్లెట్ కేకు పేరు స్పెయిన్‌లో దొరికే చిరుతిండి పేరుగా మారింది. ఒకే భాషవారికి అనువాదమేమిటని దర్శకుడే మండిపడ్డాడు. విమర్శలు రేగడంతో ఆ సబ్‌టైటిల్స్ తీసేశారు.

స్పానిష్ కింద వేరే భాషలు పారుతున్న చోట్లు మరింత ఆసక్తికరం. పెరూ రచయిత హోసే మరియా ఆర్గెదాస్ 1958 నవల 'లోతైన నదులు'లో స్పానిష్ వాక్యం మీద కెచువా భాష నీడ పడుతుంది. పరాగ్వేలో గ్వారానీ, స్పానిష్ రెండూ అధికార భాషలే. ఈక్వటోరియల్ గినీ రచయిత్రి మరియా ఎన్‌సూయె ఆంగ్వె 1985 నవల 'ఎకోమో' ఫాంగ్ తెగ జీవితాన్ని స్పానిష్‌లో చెబుతుంది. ఆసియాకూ ఇందులో చోటుంది. ఫిలిప్పీన్స్ జాతీయ వీరుడు హోసే రిసాల్ 1887లో బెర్లిన్‌లో అచ్చు వేయించిన 'నోలి మె తాంహెరె' స్పానిష్ నవలే.

చూసి చెప్పడం: చిత్రకళ

చిత్రపటం ముందు నిలబడి చూసింది చెప్పమంటే విద్యార్థి భాష ఎంత ఉందో తెలిసిపోతుంది. ఇందుకు ఎక్కువగా ఎంచుకునే వాటిలో దియెగో వెలాస్కెజ్ 1656లో గీసిన 'లాస్ మెనీనాస్' ఒకటి. మాద్రిద్‌లోని ప్రాదో మ్యూజియంలో ఉన్న ఆ చిత్రం మూడు మీటర్లకు పైగా ఎత్తుంటుంది. మధ్యలో ఐదేళ్ల యువరాణి మార్గరీతా. పక్కన మోకాలి మీద వంగిన చెలికత్తె పళ్లెంలో ఎర్రమట్టి కూజా అందిస్తోంది. కుడివైపు ఒక కుర్రాడు పడుకున్న కుక్క మీద కాలు పెట్టాడు. వెనక తలుపు దగ్గర మెట్ల మీద ఒక వ్యక్తి ఆగి చూస్తున్నాడు, వస్తున్నాడో వెళ్తున్నాడో తెలియదు. ఎడమవైపు పెద్ద కాన్వాసు ముందు కుంచెతో వెలాస్కెజే నిలబడ్డాడు. గోడ మీది అద్దంలో రాజు నాలుగో ఫిలిప్, రాణి మరియానా మసకగా కనిపిస్తారు.

మొదటి విడతలో ఎవరు ఎక్కడున్నారో చెప్పాలి. వర్తమానకాలం, స్థలసూచక పదాలు అందుకు చాలు. రెండో విడతలో ఊహ మొదలవుతుంది. చిత్రకారుడు గీస్తున్నది ఎవరిని? రాజదంపతులనేమో, యువరాణినేమో. స్పానిష్‌లో ఇటువంటి ఊహకు భవిష్యత్ కాల రూపం వాడతారు, సందేహానికి సబ్జంక్టివ్ వస్తుంది. మూడో విడతలో వాదన. చిత్రంలోని వెలాస్కెజ్ ఛాతీ మీది ఎర్ర శిలువ తర్వాత చేర్చిందే, ఎందుకంటే సాంతియాగో వీరశ్రేణిలో వెలాస్కెజ్‌కు చోటు దక్కింది 1659లో. ఆ శిలువ ఎవరు, ఎందుకు వేయించి ఉంటారని తర్కించాలంటే గతంలోని సంభావ్యతను చెప్పే జటిలమైన రూపాలు తప్పవు. ఇదే చిత్రం మీద ఆంతోనియో బువేరో వయెహో 1960లో నాటకం రాశాడు. పికాసో 1957లో దీన్ని విడదీసి, తిరగేసి పదుల కొద్దీ చిత్రాలు గీశాడు, అవి బార్సిలోనాలో ఉన్నాయి. చిత్రం, నాటకం, మళ్లీ చిత్రం – ఒకే అంశం చుట్టూ నెల రోజుల పాఠం అల్లుకోవచ్చు.

ఫ్రాన్సిస్కో గోయా చిత్రాలకు మాటలు తోడుంటాయి. 1799లో అచ్చయిన 80 వ్యంగ్య చిత్రాల సంపుటి 'లోస్ కప్రీచోస్'ను మాద్రిద్‌లో తానుంటున్న వీధిలోని అత్తరు దుకాణంలో అమ్మకానికి పెట్టాడు, కొద్ది రోజులకే వెనక్కి తీసుకున్నాడు. ప్రతి బొమ్మ కింద ఒక పొట్టి వ్యాఖ్య ఉంటుంది. నెపోలియన్ సేనల మీద స్పెయిన్ పోరాటం నాటి ఘోరాలను చూపిన యుద్ధ చిత్రాలు గోయా చనిపోయిన 35 ఏళ్లకు, 1863లో వెలుగు చూశాయి. వాటి కింది వ్యాఖ్యలు చాలావరకు కొద్ది మాటలే. తక్కువ మాటల్లో ఎక్కువ చెప్పే స్పానిష్‌కు ఆ బొమ్మలే బడి.

మెక్సికోలో కళ గోడలెక్కింది. విప్లవం తర్వాత విద్యామంత్రి హోసే వాస్కొంసెలోస్ ప్రభుత్వ భవనాల గోడలను చిత్రకారులకు అప్పగించాడు. దియెగో రివేరా 1947లో ఒక హోటల్ కోసం గీసిన కుడ్యచిత్రంలో మెక్సికో నగర ఉద్యానవనంలో ఒక ఆదివారం మధ్యాహ్నం దేశ చరిత్ర అంతా షికారుకొచ్చినట్టుంటుంది. మధ్యలో టోపీ పెట్టుకున్న అస్థిపంజరం కత్రీనా, ఆమె చేయి పట్టుకున్న బాల రివేరా, వెనక ఫ్రీదా కాలో, మరోపక్క కత్రీనాను మొదట సృష్టించిన చిత్రకారుడు హోసే గ్వాదలూపె పొసాదా, దగ్గర్లో క్యూబా కవి హోసే మార్తీ. 1985 భూకంపంలో హోటల్ దెబ్బతింటే చిత్రాన్ని వేరే చోటుకు తరలించి దానికే ఒక మ్యూజియం కట్టారు. నవంబరు మొదట్లో వచ్చే మృతుల పండుగకు బతికున్నవారి మీద సరదా చరమగీతాలు రాయడం మెక్సికోలో ఆనవాయితీ. స్పానిష్ తరగతుల్లో తోటి విద్యార్థుల మీద, గురువుల మీద అటువంటి పద్యాలు రాయించడం మామూలే.

పాట, తెర

కవిత్వం కంఠతా రావడానికి పాటను మించిన దారి లేదు. జోన్ మాన్వెల్ సెర్రాత్ 1969లో ఆంతోనియో మచాదో కవితలకు, జైల్లో కన్నుమూసిన మిగెల్ ఎర్నాందెస్ కవితలకు 1972లో బాణీలు కట్టి పాడాడు. ఫ్లమెంకో గాయకుడు కమరోన్ 1979 ఆల్బమ్‌లో లోర్కా మాటలు వినబడతాయి. పనామాకు చెందిన రూబెన్ బ్లేడ్స్ 1978 పాట 'పెద్రో నవాహా' ఒక వీధి రౌడీ, ఒక వేశ్య ఎదురుపడ్డ రాత్రిని ఏడు నిమిషాలకు పైగా కథలా చెబుతుంది. కరీబియన్ యాస చెవికెక్కడానికి అది చక్కటి ఉదాహరణ.

సాంస్కృతిక జ్ఞానం లేకపోతే కథే ముందుకు సాగదనడానికి సాక్ష్యం హువాన్ హోసే కంపనేయా సినిమా 'ఎల్ సెక్రెతో దె సుస్ ఓహోస్'. 2009లో వచ్చిన ఈ అర్జెంటీనా చిత్రం ఆస్కార్ అందుకుంది. హంతకుడి ఉత్తరాల్లో కొన్ని పేర్లు అర్థం కాక పరిశోధకులు తల పట్టుకుంటారు. బార్‌లో కూర్చునే ఒక ఫుట్‌బాల్ పిచ్చివాడు ఆ పేర్లన్నీ రేసింగ్ క్లబ్ ఆటగాళ్లవని విప్పి చెప్పేదాకా కేసు కదలదు.

పరీక్షలు, వనరులు

ఇన్‌స్టిట్యూతో సెర్వాంతెస్ నిర్వహించే డెలె పరీక్షలు ఏ1 నుంచి సీ2 దాకా ప్రతి మెట్టుకూ ఉన్నాయి. మెక్సికో జాతీయ విశ్వవిద్యాలయం, సలమాంకా, బ్యూనస్ ఐరిస్ విశ్వవిద్యాలయాలతో కలిసి నడిపే సియెలె కంప్యూటర్ మీద రాసే పరీక్ష. అమెరికా హైస్కూలు విద్యార్థులు రాసే ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) స్పానిష్ సాహిత్య, సంస్కృతి పరీక్షకు 38 రచనల నిర్ణీత జాబితా ఉంది. మధ్యయుగపు నీతికథ నుంచి ఇసాబెల్ ఆయెందె కథ దాకా అందులో ఉన్నాయి. ఒక రచనను ఒక చిత్రంతో పోల్చి రాయమనే ప్రశ్న ఆ పరీక్షలో తప్పనిసరి.

ఇంటర్నెట్‌లో ఖర్చు లేకుండా దొరికేవీ తక్కువేం కాదు. సెర్వాంతెస్ సంస్థ ఆన్‌లైన్ కేంద్రంలో 'దోన్ కిహోతె' వివరణలతో సహా ఉంది. అలికాంతె విశ్వవిద్యాలయంలో 1999లో మొదలైన సెర్వాంతెస్ డిజిటల్ గ్రంథాలయంలో వేలాది పుస్తకాలున్నాయి. రాయల్ అకాడమీ భాషా భాండాగారాల్లో ఒక మాట ఏ దేశంలో, ఎటువంటి వాక్యాల్లో వాడుతున్నారో వెతకవచ్చు. రేడియో అంబులాంతె పాడ్‌కాస్ట్ లాటిన్ అమెరికా దేశాల నుంచి నిజ జీవిత కథలను అక్కడివారి గొంతులతోనే వినిపిస్తుంది, వాటి లిఖిత ప్రతులనూ పెడుతుంది.

అభ్యంతరాలు

ఈ పద్ధతి మీద విమర్శలూ ఉన్నాయి. పాత జాబితాల్లో స్పెయిన్ రచయితలు, అందులోనూ పురుషులు ఎక్కువ. లాటిన్ అమెరికా అనగానే మాంత్రిక వాస్తవికత, ఎగిరే అమ్మాయిలు, మాయల ఊళ్లు అన్న ముద్ర పడిపోయింది. ఆ ముద్రను ఎదిరిస్తూ చిలీ రచయితలు అల్బెర్తో ఫుగెత్, సెర్హియో గోమెస్ 1996లో, 'వందేళ్ల ఏకాంతం'లోని ఊరు 'మకోందో' పేరును వెక్కిరిస్తూ 'మెకోందో' అనే కథా సంకలనం తెచ్చారు. షాపింగ్ మాల్స్, కంప్యూటర్లు, రాక్ సంగీతంలో మునిగిన నగర యువత అందులోని పాత్రలు. ఇవాళ్టి తరగతుల్లో అర్జెంటీనాకు చెందిన సమంతా ష్వెబ్లిన్, మరియానా ఎన్రీకెస్ భయానక కథలు, మెక్సికో రచయిత్రి ఫెర్నాందా మెల్చోర్ 2017 నవల 'తుఫానుల కాలం' చోటు సంపాదించుకుంటున్నాయి. మెల్చోర్ వాక్యాలు పేజీల పొడవున సాగుతాయి, మెక్సికోలోని వెరాక్రూస్ ప్రాంతపు తిట్లతో నిండి ఉంటాయి.

మరో అభ్యంతరం కాలానిది. 'దోన్ కిహోతె' ఒక అధ్యాయానికి వెచ్చించే వారంలో విద్యార్థి రెండు నేటి కథలు చదవగలడు. అందుకే ఇప్పటి ఉపాధ్యాయులు కొన్ని పుటలను మాట మాటా విప్పి చదివించి, మిగతాది నిఘంటువు ముట్టుకోకుండా వేగంగా చదివేయమంటారు.

భారతదేశం, తెలుగువారు

స్పానిష్ సాహిత్యంలో భారతదేశానికి పాత చుట్టరికమే ఉంది. సెనోబియా కంప్రుబీ, ఆమె భర్త కవి హువాన్ రమోన్ హిమెనెస్ కలిసి 1915 నుంచి రవీంద్రనాథ్ టాగోర్ పుస్తకాలను ఇంగ్లీషు నుంచి స్పానిష్‌లోకి తెచ్చారు. 1924లో జబ్బుపడిన టాగోర్‌కు బ్యూనస్ ఐరిస్ దగ్గర సాన్ ఇసిద్రోలో విక్టోరియా ఒకాంపో ఆతిథ్యమిచ్చింది, ఆ రోజుల గురించి 1961లో పుస్తకం రాసింది. మెక్సికో కవి ఒక్టావియో పాజ్ 1962 నుంచి 1968 దాకా ఢిల్లీలో రాయబారి. మెక్సికోలో విద్యార్థుల ఊచకోతకు నిరసనగా ఆ పదవి వదిలేశాడు. 1995లో భారతదేశం గురించి వ్యాసాల పుస్తకం ప్రచురించాడు. కులం, విభజన, గాంధీ, సంస్కృత కవిత్వం అన్నీ అందులో ఉన్నాయి. విషయం ముందే తెలిసిన భారతీయ విద్యార్థి ఆ పుస్తకం చదివితే మనసు పూర్తిగా వాక్యం మీదే నిలుస్తుంది.

ఢిల్లీలో ఇన్‌స్టిట్యూతో సెర్వాంతెస్ కేంద్రం 2009లో ప్రారంభమైంది. జేఎన్‌యూలో, హైదరాబాద్‌లోని ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీలో స్పానిష్ అధ్యయనానికి విభాగాలున్నాయి. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లల్లో చాలామంది బళ్లో రెండో భాషగా స్పానిష్ తీసుకుంటారు.

తెలుగువారికి కొన్ని సౌలభ్యాలు పుట్టుకతోనే ఉన్నాయి. 'వచ్చాను', 'వచ్చావు' అన్నట్టే స్పానిష్‌లోనూ క్రియ చివరను బట్టి కర్త తెలిసిపోతుంది. 'నాకు ఇష్టం' అనే పద్ధతి స్పానిష్‌లోనూ అలాగే ఉంది. నువ్వు, మీరు అనే తేడా తెలిసినవారికి రుల్ఫో కథలోని తండ్రి మాట మార్చడం ఎవరూ విడమరచనక్కర్లేదు. సబ్జంక్టివ్, రెండు రకాల 'ఉండడం', నామవాచకాల లింగం మాత్రం కొత్తగా కష్టపడి నేర్వాల్సినవే.

తెలుగు నేల మీద స్పానిష్ వినబడే చోట్లలో అనంతపురం ఒకటి. బార్సిలోనాలో 1920లో పుట్టిన విసెంతె ఫెర్రెర్ 1969లో ఇక్కడికి వచ్చి రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టును నెలకొల్పాడు. 2009లో అక్కడే కన్నుమూశాడు. ఆ సంస్థకు స్పెయిన్‌లో పెద్ద సంఖ్యలో దాతలున్నారు. స్వచ్ఛంద సేవకులు, సందర్శకులు అక్కడి నుంచి వస్తుంటారు, పల్లె పిల్లలకూ దాతలకూ మధ్య ఉత్తరాలు అనువాదమై నడుస్తాయి. పిల్లలు ముఖం చూడని దాతను 'మీరు' అని రాస్తే స్పానిష్ ప్రతిలో 'ఉస్తెద్' ఉంచాలా, స్పెయిన్ కుటుంబాల్లో ఇవాళ సాధారణమైన 'తూ'కు మార్చాలా అన్నది అటువంటి అనువాదకుల ముందుండే ప్రశ్న. 'ఉస్తెద్' ఉంచితే ఉత్తరం ఆఫీసు కాగితంలా బిగుసుకుపోతుంది. 'తూ' వేస్తే తెలుగులోని వినయం జారిపోయి, దాన్ని మిగతా వాక్యాల్లో వేరే మాటలతో పూడ్చవలసి వస్తుంది.